పాడని రెండు గొంతులు

భోగికి ముందు అటక దులపడం మా ఇంట్లో ఏటా జరిగే యజ్ఞం. నిచ్చెన మీద మావారు, కింద నేను, మధ్యలో దుమ్ము. ఆయన పారేద్దామన్న ప్రతిదీ నాకు పనికొచ్చేదిగా కనిపిస్తుంది. నేను పారేద్దామన్న ప్రతిదాంట్లోనూ ఆయనకి వాళ్ళ నాన్నగారు కనిపిస్తారు. ఒక పూటంతా ఇలా వాదించుకున్నాక దిగిన సామానంతా మళ్ళీ అటకెక్కుతుంది. దుమ్ము మాత్రం మా నెత్తిన మిగులుతుంది.

ఈ ఏడు ఒక పెద్ద పెట్టె దగ్గర పేచీ వచ్చింది. అది మా అబ్బాయి ఇంటరు చదివే రోజుల్లో, 1998లో, ఎవరి దగ్గరో పాతది కొనుక్కున్న కంప్యూటరు. "దీన్ని పాతసామాన్లవాడికి వేస్తే గ్లాసు ముక్కయినా రాదు" అన్నారు మావారు. పండక్కి వచ్చిన మావాడు తాగుతున్న కాఫీ అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చాడు. "నాన్నా, దాన్ని ముట్టుకోకండి. అందులో మంచి సౌండు కార్డుంది!" అన్నాడు, లోపల లంకెబిందెలున్నట్టు.

సరే, పాత చీర ముక్కతో తుడిచి, హాల్లో బల్లమీద పెట్టి, తీగలన్నీ తగిలించాడు. మీట నొక్కితే తెరమీద తెల్లటి అక్షరాలు చీమలబారులా పాకాయి. కాశీ నుంచి తిరిగొచ్చిన అత్తగారిలా, ఇంట్లో ఉన్నవన్నీ ఒకసారి చూసుకుని, లెక్కపెట్టుకుని, నింపాదిగా మేలుకుంది. మావాడేదో కొట్టాడు. పెట్టెలోంచి సితారు మోగింది.

నా చేతిలో చీపురు జారిపోయింది. అది మోహన రాగంలో గీతం. నా పన్నెండో ఏట మా పిన్ని నేర్పింది. అప్పట్లో మావాడు "అమ్మా, నీకొచ్చిన పాటకి స్వరాలు చెప్పవే" అని నన్ను వంటింట్లోంచి లాక్కొచ్చి, ఒక్కొక్క స్వరం చెప్పించుకుని అందులో ఎక్కించుకున్నాడు. నేను మరిచిపోయాను. పెట్టె మరిచిపోలేదు.

"చూశావా అమ్మా, డ్రైవరు ఇంకా పనిచేస్తోంది!" అన్నాడు వాడు సంబరంగా.

"ఏ డ్రైవర్రా? వీధి చివర ఆటో అబ్బాయా?" అన్నాను. వాడు తల పట్టుకున్నాడు.

ఆ పండగ మూడు రోజులూ వాడు చెప్పినదీ, నేను అడిగి తెలుసుకున్నదీ మనకి తెలిసిన భాషలో చెబుతాను, వినండి. కంప్యూటరులో డ్రైవరంటే తోలేవాడు కాదు, దుబాసీ. పూర్వం దొరగారికీ ఊరివాళ్ళకీ మధ్యన ఉండేవాడే, ఆ బాపతు. కంప్యూటరు మొత్తాన్ని నడిపే పెద్ద ప్రోగ్రాము ఇంటి యజమాని అనుకోండి. సౌండు కార్డు పరాయి ఊరినుంచి వచ్చిన పాటగత్తె. ఆవిడకి యజమాని భాష రాదు. ఆవిడకి తెలిసిందల్లా తన లోపలున్న కొన్ని గళ్ళు, వాటిలో వేసే అంకెలు. ఒక గడిలో అంకె వేస్తే శ్రుతి మారుతుంది. ఇంకో గడిలో వేస్తే చప్పుడు పెరుగుతుంది. మరో గడిలో వేస్తే స్వరం మెల్లగా ఆరిపోతుంది. "సితారు మీద గాంధారం వాయించు" అని యజమాని ఆజ్ఞాపిస్తే, ఆ మాటని గళ్ళూ అంకెలూగా మార్చి పాటగత్తె చెవిలో వేసేదే డ్రైవరు. అది లేకపోతే ఎంత ఖరీదైన కార్డయినా బొమ్మల కొలువులో వీణే. చూడ్డానికే బాగుంటుంది.

పాటని దాచడానికి రెండు మార్గాలున్నాయట. ఒకటి, పాడినదాన్ని పాడినట్టు రికార్డు చేసి ఉంచడం. రెండోది, మనం పుస్తకంలో సరిగమలు రాసుకున్నట్టు, ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నది మాత్రమే రాసి ఉంచడం. ఈ రెండోదానికి 1983లో వాద్యాలు తయారుచేసే కంపెనీలన్నీ కలిసి ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్నాయి. దాన్ని మిడి అంటారు. అందులో చప్పుడు ఉండదు, చప్పుడు చెయ్యమన్న చీటీ ఉంటుంది. చీటీ చూసి నాదం పుట్టించే యంత్రం సింథసైజరు.

నాదం పుట్టించడంలో ఒక ముచ్చట ఉంది. 1967లో అమెరికాలో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు కంప్యూటరు మీద ఒక స్వరాన్ని కంపింపజేసి చూస్తున్నాడు. మనవాళ్ళు కంపితమనే గమకం లాంటిదే. ఆ ఊగడం వేగాన్ని పెంచుకుంటూ పోయాడు. ఒక హద్దు దాటాక చెవికి ఊగడం వినిపించడం మానేసి, సరికొత్త నాదం వినిపించింది. ఓ చోట గంటలా, ఓ చోట ఇత్తడి బూరలా. ఒక్క అలని ఇంకో అలతో ఊపితే చాలు, ఇన్ని రకాల గొంతులు! ఆ కిటుకుని జపాను కంపెనీ యమహా తీసుకుని, తరవాత తరవాత చిన్న చిప్పుల్లో ఇమిడ్చింది. 1987లో వచ్చిన ఆడ్‌లిబ్ కార్డులోనూ, 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్‌లోనూ పాడింది ఆ చిప్పులే.

మా అటకమీది కార్డు ఆ తరవాతి తరానిది. 1994లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ ఏ.డబ్ల్యూ.ఇ. 32. ఇందులో పాత పద్ధతితోబాటు, అసలు వాద్యాల శబ్దాల నమూనాలే రికార్డు చేసి చిన్న కొట్లో సర్దినట్టు పెట్టారు. కొట్టు మొత్తం ఒక్క మెగాబైటు. ఇప్పుడు మన పెళ్ళిళ్ళ ఫొటో ఒక్కటి అంతకంటే ఎక్కువ చోటు పడుతుంది. అందులోనే పియానో దగ్గర్నుంచి 128 వాద్యాలు. ఆ 128 ఏవేవో 1991లో ఒక పట్టిక రాశారు. అందులో సితారుంది, షెహనాయి ఉంది. తుపాకీ చప్పుడు కూడా ఉంది. వీణ మాత్రం లేదు. "అందుకేనమ్మా నీ గీతం సితారు మీద వాయించాల్సొచ్చింది" అన్నాడు మావాడు క్షమాపణ చెబుతున్నట్టు. ప్రపంచమంతా కూర్చుని పట్టిక రాసినప్పుడల్లా మన సరస్వతమ్మ ఎక్కడో వెనక వరసలో నిలబడి ఉంటుంది కాబోలు.

ఇంతకీ నన్ను పట్టుకున్న మాట ఇంకోటి. ఆ కార్డు పేరులో 32 అంటే ముప్ఫైరెండు గొంతులని అర్థం. ఏకకాలంలో ముప్ఫైరెండు స్వరాలు పలకాలి. కానీ ఆ డ్రైవరు రాసిన కాగితం తీసి చూపించాడు మావాడు. అందులో ముప్ఫై మాత్రమే పాడతాయని రాసి ఉంది.

"మిగతా రెండూ?" అన్నాను.

"కార్డు మీద మనం కొత్త వాద్యాల నమూనాలు పోసుకోవడానికి ఒక జ్ఞాపకపు చిప్పు ఉంటుందమ్మా. దానికి మతిమరుపెక్కువ. క్షణక్షణం గుర్తుచేస్తూ ఉండకపోతే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆ రెండు గొంతులకీ అదే పని. అవి పాడవు. పక్కన కూర్చుని గుర్తుచేస్తుంటాయి, అంతే" అన్నాడు.

వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం మా అమ్మమ్మగారింట్లో పెళ్ళి పంక్తులు కళ్ళముందు కదిలాయి. ముప్ఫై విస్తళ్ళ ముందు ముప్ఫైమంది. నెయ్యి ఎక్కడివరకూ వచ్చిందో, ఎవరికి పులుసు అందలేదో కనిపెడుతూ తిరిగే ఇద్దరు ఆడవాళ్ళు. ఆ ఇద్దరూ ఎప్పుడు తిన్నారో ఎవరూ అడగలేదు. పెళ్ళి ఫొటోల్లోనూ వాళ్ళు లేరు.

సరే, ఈ డ్రైవరు ఎవరు రాశారు? కార్డుతోబాటు కంపెనీవాడే ఇచ్చాడనుకున్నాను. కాదట. కంపెనీ ఇచ్చింది అందరూ డబ్బిచ్చి కొనుక్కునే వేరే యజమానికోసం. మావాడు వాడిన యజమాని పేరు లినక్స్. 1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెడితే, దేశదేశాల నుంచి తలా ఒక చెయ్యి వేసి పెంచారు. మావాడికి అది ఏదో కంప్యూటరు పత్రికతోబాటు సీడీలో వచ్చింది. అది ఎవరి సొత్తూ కాదు, అందరి సొత్తూను. దాని లోపలి రాతంతా ఎవరైనా తీసి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. మా కార్డుకి దుబాసీని రాసినవాడు జపానుకి చెందిన తకాషి ఇవాయి. ఆ రాత పైన పేరు, ఏళ్ళు వేసి, 'ఉపయోగపడుతుందన్న ఆశతో పంచుతున్నాం, హామీ మాత్రం ఏమీ లేదు' అని అర్థం వచ్చే నాలుగు ముక్కలున్నాయి. ఆశ ఉంది, హామీ లేదు! ఇంత నిజాయితీగల మాట మా పెళ్ళి శుభలేఖలో కూడా వేయించలేదు.

ఈ పంచుకోవడానికి ఒక ధర్మం ఉంది. దాని పుట్టుక కూడా ఒక అలకలోనే ఉంది. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన పనిచేసే చోట ఒక ప్రింటరు మాటిమాటికీ కాగితం ఇరికించుకునేది. ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్ళేలా ప్రోగ్రాము దిద్దుదామని, దాని రాత ఉన్నవాణ్ణి వెళ్ళి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని మాటిచ్చి సంతకం పెట్టానన్నాడు అతను. వంట చేతికిచ్చి, ఉప్పెక్కువైతే దిద్దుకోవడానికి మాత్రం వీల్లేదన్నట్టు. ఆ కోపం చల్లారలేదు. 1983లో అందరికీ స్వేచ్ఛగా ఉండే ప్రోగ్రాములు రాస్తామని ప్రకటించి, 1989లో దానికి ఒప్పందపత్రం రాశాడు.

ఆ పత్రం మావాడు ఎంత వివరించినా నాకు ఎక్కలేదు. చివరికి నా అంతట నేనే ఒక ఉపమానం కనిపెట్టాను. అది మన పాల తోడండీ! పక్కింటి పిన్నిగారి దగ్గర చెంచాడు తోడు తెచ్చుకుంటాం. ఆవిడ పెరుగు తరగదు. మన ఇంట్లో గిన్నెడవుతుంది. ఆ పెరుగు మనం తినొచ్చు, మజ్జిగ చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ మన పెరుగు పుచ్చుకున్నవాళ్ళకి తోడు పెట్టుకునే హక్కు లేదనకూడదు. అంతే ధర్మం. మావాడు ఆశ్చర్యపోయి, "అమ్మా, మా కాలేజీలో ఎవరూ ఇంత బాగా చెప్పలేదే" అన్నాడు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదన్న నిబంధన మాత్రం ఆ పత్రంలో లేదట.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో ఊరికే రావడానికీ స్వేచ్ఛకీ ఒకటే మాట, ఫ్రీ అని. అందుకని వాళ్ళు పాపం ఏళ్ళ తరబడి తేడా విప్పి చెప్పుకోవలసి వచ్చింది. మనకి ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మాటలు రెండున్నా మనసులో మాత్రం రెండింటినీ మనం కలిపేస్తామేమో అని నా అనుమానం. అది ఎలా పుట్టిందో చెబుతాను.

లినక్సులో శబ్దానికి తొలి దుబాసీని రాసింది ఇవాయి కాదు. అతనికి ముందు 1992లోనే హన్ను సవోలైనెన్ అనే ఫిన్లండు వాస్తవ్యుడు సౌండ్ బ్లాస్టర్ కోసం రాసి అందరికీ పంచాడు. లినక్సు చాలా ఏళ్ళు ఆయన పుణ్యమా అనే నోరు విప్పింది. దినదినానికీ కొత్త కార్డులు వచ్చేవి. ప్రతిదానికీ వేరే గళ్ళు, వేరే అంకెలు. కొందరు తయారీదార్లు ఆ వివరాలు బయటికి చెప్పరు. మా కార్డు పలకలేదని ఒకడు, మా కార్డు అరుస్తోందని ఇంకొకడు. కొన్నాళ్ళకి ఆయన ఒక కంపెనీ ద్వారా, ఇంకా ఎక్కువ కార్డులని పలికించే పెద్ద డ్రైవరుని డబ్బుకి అమ్మసాగాడు. అంతకుముందు పంచింది పంచినట్టే ఉంది. దాన్ని వెనక్కి లాక్కోలేదు. కొత్తగా చేసినదానికి వెల పెట్టాడు, అంతే.

అయినా చాలామందికి అది మింగుడుపడలేదు. చెక్ దేశస్థుడు యారోస్లావ్ కిసెలా ఒక్క కార్డు కోసం మొదలుపెట్టిన పని, 1998 నుంచి ఆల్సా అనే పేరుతో కొత్త శబ్ద వ్యవస్థగా పెరిగింది. 2003 డిసెంబరులో వచ్చిన లినక్సులో పెద్దపీట దానికే దక్కింది. పాత పద్ధతికి రాసిన పాటలు కూడా కొత్తదాంట్లో పలికేలా ఏర్పాటు చేశారు. కొత్తకోడలు తన వంటతోబాటు అత్తగారి వంట కూడా నేర్చుకున్నట్టు. మన ఇవాయి ఆ ఇంట్లోకే వచ్చి, లినక్సు కంపెనీలో జీతానికి కుదిరి, శబ్ద విభాగం మొత్తానికి పెద్దదిక్కయ్యాడు. 2007లో సవోలైనెన్ కంపెనీ తన డ్రైవరు రాతని కూడా మళ్ళీ అందరికీ తెరిచింది. అప్పటికి బంధువులంతా కొత్త ఇంటికి అలవాటు పడిపోయారు.

ఈ కథ విని మావారు పేపరు మడిచి, తీర్పు చెప్పేశారు. "ముందు ఊరికే ఇచ్చి అలవాటు చేసి, తరవాత డబ్బులడగడం ఏం న్యాయం?" అని.

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయాను. ఆ మాట నేను ఇదివరకు విన్నాను. సరిగ్గా అవే మాటలు, మా అమ్మ నోట.

తెనాలిలో మా పిన్ని, అంటే మా బాబాయి భార్య, మా వీధి ఆడపిల్లలందరికీ హార్మోనియం మీద పాటలు నేర్పేది. సాయంత్రం నాలుగయ్యేసరికి వరండాలో చాప పరిచి ఉండేది. ఎనిమిది మందిమో తొమ్మిది మందిమో ఉండేవాళ్ళం. ఆరేళ్ళు దమ్మిడీ పుచ్చుకోలేదు. పెళ్ళిచూపుల్లో మా వీధి పిల్లలు ఎవరు పాడినా అది పిన్ని పాఠమే. ఒకరోజు ఆవిడ తలవంచుకుని, "వచ్చే నెల్నుంచి తలా అయిదు రూపాయలు తీసుకురండమ్మా" అంది.

ఆ రాత్రి వీధంతా ఒకటే గుసగుస. "సంగీతం అమ్ముకుంటోంది" అని ఒకరు. "సరస్వతిని బజారులో పెట్టింది" అని ఇంకొకరు. "ముందు ఊరికే ఇచ్చి అలవాటు చేసి, ఇప్పుడు డబ్బులేమిటి? అయినవాళ్ళ దగ్గర కూడానా?" అంది మా అమ్మ. మర్నాటి నుంచి నన్ను పంపలేదు. నేనూ ఏడవలేదు సుమండీ! పైగా, బడిలో స్నేహితురాళ్ళతో "మా పిన్ని డబ్బు మనిషి" అని చెప్పాను. పన్నెండేళ్ళ పిల్లకి ఆ మాట ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంట్లో గాలికి తగిలిపోతుంది. నెల తిరిగేసరికి వరండాలో చాప లేదు. పిన్ని మళ్ళీ ఎవరికీ నేర్పలేదు.

ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు తప్పుగా తోచలేదు. ఎవరో ఫిన్లండు ఆయన్ని మావారు తప్పుపట్టినప్పుడు తోచింది. మన తప్పు మనకి ఎదురుగా కనిపించదు. పరాయివాళ్ళ అద్దం కావాలి.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. దానం మొదలుపెట్టిన మనిషికి ఆపే హక్కు లేదా? ఒకసారి ఇస్తే జన్మంతా ఇస్తూనే ఉండాలా? మావారు తిరిగి వాదించారు. "నిష్కామకర్మ అన్నారు పెద్దలు. ఫలం ఆశించకుండా చెయ్యాలి" అని. పెద్దలు అన్నమాట నిజమే. కానీ అది ఎవరు ఎవరితో అనాలి? పనిచేసేవాడు తన మనసుకి తాను చెప్పుకోవలసిన మాట అది. చేయించుకునేవాడు చెప్పకూడదు. చెప్పాడా, అది వేదాంతం కాదు, కూలి ఎగవెయ్యడం. అన్నం వడ్డించే ఇల్లాలు "నాకేమీ వద్దు" అనుకుంటే అది ఆవిడ ఔన్నత్యం. తినేవాడు "నీకేం వద్దులే" అంటే? మీరే చెప్పండి.

అలాగని మావారి మాటలో అసలు పసలేదని కూడా అనను. అలవాటు చెయ్యడంలో ఒక బాధ్యత ఉంది. నన్ను నమ్ముకుని పదిమంది తమ పనులు అల్లుకున్నాక, చెప్పాపెట్టకుండా చెయ్యి తీసేస్తే వాళ్ళు కూలబడతారు. కానీ పిన్ని గానీ, ఆ ఫిన్లండు ఆయన గానీ చెయ్యి తీసెయ్యలేదే! నేర్పిన పాటలు వెనక్కిమ్మనలేదు. పంచిన రాతని లాక్కోలేదు. ఇకముందు నడవాలంటే ఇంత కావాలి అన్నారు. అది దానం విరమించడం కాదు, బరువు మొయ్యడానికి ఒక భుజం అడగడం. దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచడం తప్పంటారు. ఆవుకి గడ్డి వెయ్యమని అడిగితే దాతనే తిట్టడం ఇంకా తప్పు కాదా?

మావాడు మరో మాట అన్నాడు. "అమ్మా, మేం ఈ అప్పుని ఇచ్చినవాడికి తీర్చం. ముందుకి తీరుస్తాం. నేను కూడా అక్కడక్కడా రెండు ముక్కలు రాసి పంచాను" అని. బాగుంది. మన శాస్త్రాల్లో ఋషిఋణం అన్నది కూడా అలాంటిదే. ఋషులకి డబ్బు పంపం. చదువుకుని, ఇంకొకరికి చెప్పి తీర్చుకుంటాం. నేను కూడా పిన్ని గీతాన్ని మావాడికి చెప్పి, వాడు పెట్టెలో వేసి, అలా కొంత తీర్చాననే అనుకుని తృప్తిపడ్డాను, ఒక్క రాత్రి.

తెల్లారేసరికి ఆ తృప్తి పోయింది. అప్పుని ముందుకి తీర్చడం గొప్పదే. కాని అందులో ఒక సుఖం కూడా ఉంది. అసలు మనిషి ముఖం చూడక్కర్లేదు. ఋషులు అడవిలో కందమూలాలు తిని బతికారు. పిన్నికి ఇల్లుంది, సంసారం ఉంది, తప్పనిసరిగా ఖర్చులున్నాయి. జ్ఞానం తోడులాంటిది, ఎంత పంచినా తరగదు. కాని పంచే చేతులు తరుగుతాయి. మన పొరపాటంతా ఈ రెండింటినీ కలిపెయ్యడంలో ఉంది. తరగనిదాన్ని ఇస్తున్నారు కదా అని, ఇచ్చే మనిషి కూడా తరగదనుకుంటాం. ఆ కార్డులో ముప్ఫై గొంతులు పాడడానికి రెండు గొంతులు పనిచేస్తూనే ఉన్నాయి. పాడడం లేదు కదా అని వాటినీ పాటలోకి లాగితే, కాస్సేపటికి ఏం పాడాలో ముప్ఫైకీ గుర్తుండదు. డ్రైవరు రాసినాయన ఆ సంగతి ఎరిగి, ఆ రెండింటినీ ముట్టుకోవద్దని రాసిపెట్టాడు. మా వీధిలో ఆపాటి రాత రాసినవాళ్ళు లేకపోయారు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుకని ముందు ఫోన్ చేశాను. పిన్నికి ఇప్పుడు ఎనభై ఆరు. మనవడి దగ్గర, తెనాలిలోనే ఉంటోంది. మాట గట్టిగానే ఉంది.

"పిన్నీ, అప్పుడు అయిదు రూపాయలు ఎందుకడిగావు?" అన్నాను. యాభై అయిదేళ్ళ కిందటి మాటని నిన్నటి మాటలా అడిగాను. ఆవిడ కూడా నిన్నటి మాటలాగే చెప్పింది.

"తిత్తి చిరిగిందే. గాలి నిలవడంలా. రీడ్లు కూడా రెండు పోయాయి. బాగుచేసేవాడు నలభై రూపాయలన్నాడు. మీ బాబాయి నడిగితే, వీధి పిల్లలు పాడుకునేదానికి నేనెందుకు పెట్టాలన్నారు. మీ అమ్మావాళ్ళనడిగితే సంగీతం అమ్ముకుంటున్నానన్నారు. ఎవరి మాట వాళ్ళకి సబబుగానే ఉంది. తిత్తి మాత్రం చిరిగినట్టే ఉంది."

నాకు నోట మాట రాలేదు. మాలో ఒక్కరం, ఎందుకని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే!

"ఇప్పుడెక్కడుంది పిన్నీ, హార్మోనియం?"

"ఎక్కడుంటుంది? అటక మీద."

ముక్కనుమ వెళ్ళాక మర్నాడు నేనూ మావాడూ తెనాలి వెళ్ళాం. అటక దులిపాం. నాకు అలవాటైన పనే కదా. హార్మోనియం దించి, బాగుచేసే మనిషిని వెతికి ఒప్పజెప్పాం. నలభై రూపాయల కాలం పోయింది. ఎంతయిందో చెప్పను, మావారు ఈ పత్రిక చదువుతారు.

వెళ్ళేముందు మావాడు ఆ పెట్టెలోని గీతాన్ని తన ఫోనులోకి ఎక్కించుకొచ్చి పిన్నికి వినిపించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని తాళం వేసుకుంటూ మొదటిసారి విని, రెండోసారి వేసి, మధ్యలో చెయ్యెత్తింది.

"ఆగు. అక్కడ ధైవతం రాకూడదే. పంచమం నుంచి నేరుగా గాంధారానికి దిగాలి. వాడికి తప్పు చెప్పావు."

అన్నేళ్ళూ ఆ పెట్టె నా తప్పునే భద్రంగా పాడుతోందన్నమాట! మావాడు అక్కడే కూర్చుని దిద్దాడు. రాత తెరిచి ఉంటే ఇదే సుఖమమ్మా, ఎప్పటికైనా దిద్దుకోవచ్చు అన్నాడు.

"పిన్నీ, పాఠం చెప్పావు. ఎంతివ్వమంటావు?" అన్నాను, నవ్వుతూనే, గొంతు పూడుకుపోతుండగా.

పిన్ని నవ్వలేదు. చెయ్యి చాచింది.

"అయిదు రూపాయలు" అంది.